లిఫ్టు మావయ్య దాచిన నష్టం

లిఫ్టు మావయ్య నోరు తెరిచాడంటే విన్నవాడి పని ఆ పూటకి సరి. ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఒకసారి తొమ్మిదో అంతస్తుకీ పదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయి, అందులో ఉన్న ఒకావిడకి నొప్పులు మొదలయ్యాయట. మావయ్య తలుపు విప్పేసరికి పిల్లాడు తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ బయటికి వచ్చాడట. "మరీ అంతసేపు పట్టిందా మావయ్యా?" అని ఎవరైనా అడిగితే, "అప్పట్లో స్పేర్ పార్టులు అంత తొందరగా దొరికేవి కాదురా" అని తడుముకోకుండా చెప్పేవాడు.

అలాంటి మనిషి కాపురం ఉండేది లిఫ్టు లేని ఇంట్లో. మూడో అంతస్తు, యాభై నాలుగు మెట్లు, అద్దె వాటా.

ఆయన భార్య ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో కూర్చుని ఒకరి మాట ఒకరికి కలిపింది. మాట తక్కువ, చెవి చురుకు. అవతలి మనిషి ఊపిరి తీసే తీరుని బట్టే నిజమో కోతలో పట్టేస్తుంది. మొగుడి కోతలన్నీ ఆవిడకి తెలుసు. వాటివల్ల ఎవరికీ పోయేదేమీ లేదు గనక విని ఊరుకుంటుంది.

రెండేళ్ళుగా ఆవిడ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. డాక్టరు చూసి, "మెట్లు మానెయ్యండి" అన్నాడు. మానేస్తే ఇంట్లోకి ఎలా వెళ్ళాలో మాత్రం చీటీలో రాయలేదు. దాంతో ఆవిడ వారానికి ఒక్కసారే కిందికి దిగడం మొదలుపెట్టింది. తరవాత రెండు వారాలకోసారి. వీధిలో ఎవరు పోతున్నారో కిటికీలోంచి తలకాయలు చూసి పోల్చుకునే స్థితికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే అదే మేడలో నేల అంతస్తున ఉన్న కింద వాటా అమ్మకానికి వచ్చింది. అది దర్జీ ఆవిడది. చూపు తగ్గి మిషను కట్టేసి, అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. "మీరు కాబట్టి ముందు మీకు చెబుతున్నా వదినా. డబ్బు సగం ఈ నెల, మిగతా సగం వచ్చే నెలలో ఇచ్చినా సరే. కానీ ఏ సంగతీ శుక్రవారంలోగా తేల్చెయ్యాలి. బేకరీ ఆయన నోట్ల కట్టలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు," అంది.

బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి పోసినా ఇంకా ఇరవై రెండున్నర లక్షలు కావాలి. పోనీ అప్పు చేద్దామంటే ఈ వయసులో బ్యాంకువాళ్ళు కుర్చీ కూడా చూపించరు. పైగా అప్పు మాట ఎత్తితే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగించదు.

మావయ్య మాత్రం మీసం మెలేశాడు. "మ్యూచువల్ ఫండులో ఇరవై నాలుగు లక్షలున్నాయి. నేను పెట్టింది ఎనిమిది. అది పిల్లల్ని పెట్టి ఇంతైంది. మెయిన్ స్విచ్చి కట్టేసినట్టు ఒక్కరోజున మొత్తం అమ్మేస్తాను. ఇల్లు కొనగా ఇంకా లక్షన్నర జేబులో గలగలలాడుతుంది."

ఆ ఫండు సంగతి ఊరంతా తెలుసు. ఎందుకంటే మావయ్య బావమరిది సెలూను నడుపుతాడు. బావ చెప్పిన ప్రతి మాటా ఆయన కత్తెర కింద కూర్చున్న ప్రతి తలకాయకీ ఎక్కిస్తాడు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, షేర్ల వ్యాపారులుండే పెద్ద భవనంలో లిఫ్టుల పని మావయ్యదే. లిఫ్టు పెట్టె కప్పు మీద కూర్చుని ఆయన నూనె పెడుతుంటే, కింద పెట్టెలో పెద్దమనుషులు కొంపలు మునిగే రహస్యాలు మాట్లాడుకునేవారట. నెత్తిమీద ఒక మనిషి ఉన్నాడని ఎవరికి తోస్తుంది? అలా గాలి కన్నంలోంచి విన్న మాటతోనే ఫండులో చేరాడు. "మా బావ లిఫ్టు కప్పు మీద విన్న మాట ఒక్కటీ తప్పిపోలేదు. జన్మలో దెబ్బ తినలేదు," అని బావమరిది నురగ రాస్తూ చెబుతాడు. గడ్డం మీద కత్తి ఉండగా కాదనేవాడెవడు?

మంగళవారం పొద్దున్న మావయ్య, భార్య, బావమరిది ముగ్గురూ పన్నుల లెక్కలు చూసే మేడం దగ్గరికి వెళ్ళారు. బావమరిది బండి నడిపాడు గనక లోపలికీ వచ్చి కూర్చున్నాడు. మందుల దుకాణం పక్క సందులో ఒక్క గది ఆఫీసు. బల్ల మీద రెండు కాలిక్యులేటర్లు, ఎండిపోయిన మనీప్లాంటు, రబ్బరు బ్యాండ్ల డబ్బా. మేడంకి నలభై దాటి ఉంటాయి. కళ్ళజోడు ముక్కు చివర, పెన్ను జుట్టులో.

"మొత్తం ఒకేసారి అమ్మేస్తాను తల్లీ," అన్నాడు మావయ్య, చిటికె వేసి.

"అమ్మండి. మూడు లక్షలు పన్ను కట్టండి."

మావయ్య చిటికె గాలిలోనే ఉండిపోయింది.

"మీరు పెట్టింది ఎనిమిది, వచ్చేది ఇరవై నాలుగు. లాభం పదహారు," అని మేడం జుట్టులోంచి పెన్ను లాగింది. "ఏడాదికి లక్ష లాభం వరకు పన్ను లేదు. మిగతా పదిహేనులో అయిదో వంతు సర్కారుది. మీ చేతికి వచ్చేది ఇరవై ఒకటి."

"ఇరవై రెండున్నర కావాలమ్మా," అంది భార్య.

"బాబాయిగారూ, పన్ను ఏడాది ఇంకో పది రోజుల్లో ముగుస్తుంది. ఫండులో సగం యూనిట్లు ఈ పది రోజుల్లో అమ్మండి. సగం కొత్త ఏడాది మొదలయ్యాక అమ్మండి. లక్ష మినహాయింపు రెండుసార్లు దొరుకుతుంది. దర్జీ ఆవిడ రెండు విడతలకి ఒప్పుకున్నారుగా, కలిసొచ్చింది. ఇరవై వేలు మిగులుతాయి."

"ఇరవై వేలేనా?"

"పదేళ్ళ ముందు వచ్చి ఉంటే ఏడాదికి కాస్త చొప్పున దింపేవాళ్ళం. పన్ను చాలావరకు తప్పిపోయేది. పోనీ సగం యూనిట్లు పిన్నిగారి పేరున ఉన్నా ఇంకో రెండు లక్షలకి మినహాయింపు వచ్చేది. అన్నీ మీ పేరునే కొన్నారా?"

"సంతకం పెట్టడానికి నేను సరిపోననుకున్నారు కాబోలు," అంది భార్య, కిటికీ వైపు చూస్తూ.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "అక్కా, బావకి లెక్కలు తెలీక కాదు..."

"నువ్వూరుకో. నీ దుకాణం కాదిది."

మేడం కాగితం మీద అడ్డంగా గీత గీసింది. "ఇంకా లక్షా ముప్ఫై వేలు తక్కువ. సరే, ఇప్పుడు చెప్పండి. లిఫ్టు పైకి లేవాలంటే మోటారు ఎంత కరెంటు తింటుంది?"

మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. తన దారిలోకి వచ్చింది కదా మాట! "మోటారుదేముందమ్మా, అది ఉత్త నెపం. అసలు పని ఎదురు బరువుది. పెట్టె పైకి పోతుంటే వెనక గోడవారన ఇనప దిమ్మల బరువు కిందికి దిగుతుంటుంది. ఆ బరువు లేకపోతే మోటారు చచ్చి ఊరుకుంటుంది. ఒకసారి ఒక భవనంలో దిమ్మలు ఎవడో పాత ఇనుముకి అమ్మేసుకున్నాడు. నేనే వాటి బదులు తాడు పట్టుకుని వేళ్ళాడాను. పెట్టె రయ్యిన లేచింది. మూడు రోజులు నేనే ఎదురు బరువుని."

"భోజనానికి ఏ అంతస్తులో ఆగేవారు?" అంది మేడం నవ్వకుండా. "ఇదీ అంతే బాబాయిగారూ. లాభం పెట్టె, నష్టం ఎదురు బరువు. మీ దగ్గర పడిపోయిన షేర్లేవైనా ఉంటే ఇప్పుడు అమ్మెయ్యండి. ఆ నష్టాన్ని ఈ లాభంలోంచి కొట్టేస్తారు. లక్ష నష్టానికి ఇరవై వేలు పన్ను తగ్గుతుంది. ఉన్నాయా ఏవైనా?"

మావయ్య బల్ల మీది రబ్బరు బ్యాండ్ల డబ్బాని అనవసరంగా పక్కకి జరిపాడు.

ఉన్నాయి. అయిదున్నర లక్షలు పెట్టి కొన్నవి. ఇప్పుడు యాభై వేలు చేస్తాయి.

"మా బావకా? నష్టమా?" అని బావమరిది తొడ చరిచాడు. "మేడం, ఊళ్ళో ఎవరినైనా అడగండి."

"లేవమ్మా," అన్నాడు మావయ్య. ఆ ఒక్క మాట బయటికి రావడానికి జీవితంలో మొదటిసారి ఆయనకి కొంచెంసేపు పట్టింది.

ఇంటికి వచ్చి మెట్లెక్కడం మొదలుపెట్టారు. మొదటి అంతస్తు మలుపులో ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. రెండో అంతస్తులో కూలబడింది. మూడో అంతస్తు చేరేసరికి మొహం పాలిపోయింది. తలుపు తీసి కుర్చీలో పడి, చెప్పులు విప్పకుండానే అంది, "ఏమండీ, వెళ్ళి దర్జీ ఆవిడకి మనవల్ల కాదని చెప్పి రండి. మంచి మనిషి. శుక్రవారం దాకా ఆశ పెట్టడం బాగుండదు. ఇదే ఇల్లు, ఇదే కిటికీ. ఏం, బాగానే గడుస్తోందిగా."

మావయ్య దిగాడు. యాభై నాలుగు మెట్లు అంత పొడుగని ఆయనకి ఎప్పుడూ తెలియలేదు.

ఆ అయిదున్నర లక్షలు ఎక్కడివో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ ఆదివారాల ఓవర్‌టైము. వేరే ఖాతాలో పోగేశాడు. లిఫ్టున్న ఇల్లు ఒకటి చూసి, అడ్వాన్సు కట్టేసి, భార్యని లిఫ్టులో నిలబెట్టి బొత్తాం నొక్కి అప్పుడు చెబుదామని. ఈలోగా లిఫ్టు కప్పు మీద నూనె పెడుతుంటే, కింద ఇద్దరు కుర్రాళ్ళ మాటలు వినబడ్డాయి. సముద్రపు నీటిని తియ్యగా చేసే యంత్రాల కంపెనీ అట, రెండేళ్ళలో పదింతలట, ఇంకా ఎవరికీ తెలియదట. మర్నాడూ అవే మాటలు. మూడో రోజూ అవే. మూడు రోజులు ఒకే మాట చెప్పాడంటే వాడి మాట నిజం కాక ఏమవుతుంది? నాలుగో రోజు మావయ్య మొత్తం డబ్బు తీసుకెళ్ళి పోశాడు. అయిదో రోజు కప్పు పలక పక్కకి జరిపి కిందికి చూశాడు. ఆ కుర్రాళ్ళు లిఫ్టు అద్దంలో టైలు సరిచేసుకుంటూ, "ఈసారి నువ్వు కొనేవాడివి, నేను అమ్మేవాణ్ణి" అనుకుంటున్నారు. వాళ్ళు ఆ షేర్లు అంటగట్టడానికి పెట్టుకున్న అమ్మకాల కుర్రాళ్ళు. పైకి వెళ్ళేలోగా పాఠం వల్లెవేసుకుంటున్నారు. మూడు రోజులు వాళ్ళు చేసిన రిహార్సలుని మావయ్య గొప్ప రహస్యంలా విని, తనంతట తాను వెళ్ళి బుట్టలో పడ్డాడు. అడక్కుండా పడ్డ మొదటి చేప ఆయనే.

దర్జీ ఆవిడ తలుపు తెరిచే ఉంది. లోపల నేల మీద గళ్ళ గుడ్డలు మడతపెడుతోంది. గుమ్మానికి ఒకే ఒక్క మెట్టు. అదీ జానెడు ఎత్తు.

"రా అన్నయ్యా. ఏమంటుంది వదిన?"

మావయ్య నోరు తెరిచాడు. మెదడులో లెక్క దానంతటదే తిరిగింది. అయిదు లక్షల నష్టానికి లక్ష పన్ను తగ్గుతుంది. షేర్లు అమ్మితే యాభై వేలు చేతికొస్తాయి. తక్కువ పడింది లక్షా ముప్ఫై. ఇది లక్షన్నర. పన్నెండేళ్ళుగా మూలన పడి ఏడుస్తున్న కాగితాలు ఈ గుమ్మం దాటించడానికి సరిపోతాయి. అడ్డం ఉన్నదల్లా తన నోరే.

"శుక్రవారం దాకా ఎందుకమ్మా, రేపు సాయంత్రమే చెబుతాను. బేకరీ ఆయన్ని రొట్టెలు కాల్చుకోమను," అని వెనక్కి తిరిగి, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

భార్య ఇంకా కుర్చీలోనే ఉంది. చెప్పులూ కాళ్ళకే ఉన్నాయి.

"చెప్పారా?"

"లేదు. నీకో సంగతి చెప్పాలి."

"చెప్పండి."

మావయ్య చెప్పాడు. ఎక్కడా ఏనుగులూ సింహాలూ రానివ్వకుండా, ఎంతకి ఎంతో అంత చెప్పాడు. జీవితంలో ఆయన చెప్పిన అతి పొట్టి కథ అదే. చెప్పి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తలెత్తి చూసింది.

"అయిపోయిందా, ఇంకా ఉందా?"

"అయిపోయింది."

"ఆరేళ్ళు," అంది ఆవిడ. "ఊళ్ళో లిఫ్టులన్నీ నా ఆదివారాలు చూసుకునే చెడిపోతున్నాయేమిటా అని తిట్టుకునేదాన్ని. ఒంటరిగా తిని, ఒంటరిగా గిన్నెలు కడుక్కుని..." ఆగింది. "డబ్బు పోయినందుకు కాదండీ. ఆదివారాలు పోయాయి."

"ఇల్లు కొనిపెట్టి చెబుదామని..."

"పోయాకైనా చెప్పొచ్చుగా?"

"మీ తమ్ముడు ఊరంతా టముకు వేశాడుగా, మా బావ దెబ్బ తినడని. విని విని నాకే నమ్మకం కుదిరిపోయింది."

ఆవిడ పెదవి చివర కదిలింది. అది నవ్వో కాదో తేల్చుకోవడానికి మావయ్యకి ధైర్యం చాలలేదు.

"పొద్దున్న ఆవిడ ఎదురు బరువు మాట ఎత్తగానే మీ ఊపిరి ఆగింది," అంది. "ఏదో ఉందనుకున్నాను. షేర్లని మాత్రం అనుకోలేదు. ఏదైనా జబ్బు దాస్తున్నారేమోనని మూడంతస్తులు దాన్నే మోసుకుంటూ ఎక్కాను."

"అందుకా మొహం అలా అయిపోయింది?"

"మోకాళ్ళకీ వాటా ఉంది లెండి." ఆవిడ వంగి చెప్పులు విప్పింది. "సరే వినండి. రెండే మాటలు. రేపు పొద్దున్న మేడం దగ్గర ఈ సంగతి మీరే చెప్పాలి. మా తమ్ముడి ఎదురుగా."

"వాడి ఎదురుగానా? అయితే మధ్యాహ్నానికి ఊళ్ళో గెడ్డాలన్నిటికీ తెలిసిపోతుందే!"

"తెలియనివ్వండి. రెండోది, ఇల్లు నా పేరున."

"రెండోదానికి ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. మొదటిదాని మీద బేరమేమైనా..."

"లేదు."

బుధవారం పొద్దున్న పన్నుల మేడం గదిలో మళ్ళీ అవే నాలుగు కుర్చీలు. మావయ్య లేచి నిలబడ్డాడు. నిలబడితే గానీ ఆయనకి కథ సాగదు. లిఫ్టు కప్పు మీద నూనె దగ్గర మొదలుపెట్టి, కుర్రాళ్ళ రిహార్సలు దాకా వచ్చేసరికి హుషారు పుంజుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళ గొంతులూ తనే పెట్టి, వాళ్ళు టైలు సరిచేసుకున్న తీరు చేసి చూపించాడు. చివరికి, "అదమ్మా సంగతి. అయిదు లక్షల నష్టం. నికార్సైనది. ఎక్కడా కల్తీ లేదు," అని పాత సంచీలోంచి షేరు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి మరి. "నిన్న లేవన్నారే?"

"నిన్న మా బావమరిది ఉన్నాడమ్మా."

"ఇవాళా ఉన్నారుగా?"

"ఇవాళ మా ఆవిడ ఉంది."

అందరూ బావమరిది వైపు చూశారు. ఆయన నోరు వెళ్ళబెట్టి ఆ కాగితాల మీది కంపెనీ పేరు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏరా, ఊళ్ళో ఏమని చెబుతావో ఆలోచిస్తున్నావా?" అన్నాడు మావయ్య.

"బావా, ఇవి నా దగ్గరా ఉన్నాయి."

"ఏమిటీ?"

"అప్పట్లో నువ్వు గెడ్డానికి వచ్చి కోటు కొక్కేనికి తగిలించావు. జేబులోంచి కాగితం తొంగి చూస్తుంటే చదివాను. మా బావ కొన్నాడంటే ఇంకేం అని నలభై వేలు పెట్టాను. అది మునిగింది. నువ్వు ఎప్పుడో లాభానికి అమ్ముకుని బయటపడి ఉంటావు, నేనే వేళ కనిపెట్టలేక చచ్చానని సిగ్గుపడి ఇన్నేళ్ళూ కిక్కురుమనలేదు."

భార్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎక్స్‌ఛేంజీలో ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. ఇలాంటి లైను మాత్రం ఎప్పుడూ కలపలేదు," అంది.

"మేడం, అయితే నా నష్టానికి కూడా పన్ను తగ్గుతుందా?" అని బావమరిది ఆశగా ముందుకి వంగాడు.

"మీకు లాభాలేమైనా ఉన్నాయా?"

"లాభాలా? సెలూను మీద తిండి, అంతే. ఇదొక్కటే ఉంది."

"అయితే వట్టి ఎదురు బరువే. పెట్టె లేదు," అంది మేడం. మావయ్య పగలబడి నవ్వాడు. నవ్వుతూనే బావమరిది వీపు నిమిరాడు. పన్నెండేళ్ళుగా గుండెల మీదున్న దిమ్మ ఒకటి జారిపోయినట్టయింది ఆయనకి. బావమరిదికీ అంతే అయిందేమో, చివరికి తనూ నవ్వాడు.

మేడం కాలిక్యులేటరు దగ్గరికి లాక్కుంది. "ఇవాళే ఈ షేర్లు అమ్మేస్తాం. సగం ఫండు కూడా ఇవాళే. లాభం ఎనిమిది, నష్టం అయిదు పోతే మూడు, మినహాయింపు లక్ష పోతే రెండు. పన్ను నలభై వేలు. మిగతా సగం కొత్త ఏడాది రెండో వారంలో. దానికి లక్షా నలభై. మొత్తం పన్ను లక్షా ఎనభై. షేర్ల యాభై వేలు కలుపుకుంటే చేతికి ఇరవై రెండు లక్షల డెబ్బై వేలు. ఇల్లు పోను ఇరవై వేలు మిగులుతాయి. ఈ పన్ను డబ్బు మాత్రం కట్టే తేదీ దాకా ముట్టుకోకుండా పక్కన పెట్టండి."

"అది నా దగ్గర ఉంటుంది," అంది భార్య.

మావయ్య అమ్మకం కాగితాల మీద సంతకాలు పెట్టాడు.  షేర్ల కాగితం మీద మాత్రం మిగతావాటికన్నా పెద్దగా, కింద గీత కూడా గీసి పెట్టాడు.

ఆ సాయంత్రం కింద వాటాలో మావయ్య, భార్య, దర్జీ ఆవిడ గుడ్డల బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒప్పందం రాసే గుమాస్తా కలం తెరిచి, "కొనేవారి పేరు?" అని మావయ్య వైపు తిరిగాడు.

మావయ్య ఊపిరి పీల్చి నోరు తెరవబోయాడు.

"ఇటు," అంది భార్య గుమాస్తాతో. "నేను చెబుతాను, రాసుకోండి."